డిపెండెన్సీ ఎర్రర్లు, పర్మిషన్ తిప్పలు: మీ వెబ్ సాఫ్ట్‌వేర్‌ని సరైన డెబ్ ప్యాకేజీగా కట్టడం ఎలా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు బడుల్లో, చిన్న గ్రంథాలయాల్లో కంప్యూటర్లు చూసుకునే మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి రెండే ప్రశ్నలు. "నా ల్యాప్‌టాప్‌లో బాగా నడిచింది, అక్కడికి తీసుకెళ్తే డిపెండెన్సీ ప్రాబ్లమ్స్ అంటోంది, ఏం చేయాలి?" అన్నది మొదటిది. (డిపెండెన్సీ అంటే మీ సాఫ్ట్‌వేర్ నడవడానికి మెషీన్‌లో ఉండాల్సిన ఇతర సాఫ్ట్‌వేర్.) "777 పెడితేనే ఫొటో అప్‌లోడ్ అవుతోంది, అలాగే వదిలేయొచ్చా?" అన్నది రెండోది. (777 అంటే ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అనే పర్మిషన్.)

రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే చెప్పేస్తాను: వదిలేయకూడదు. మొదటిదానికి కొంచెం ఓపిక కావాలి. రెండు చిక్కులకీ మూలం ఒకటే. సాఫ్ట్‌వేర్‌కి ఏమేం కావాలో, ఏ ఫోల్డర్లో ఎవరు రాయాలో మీకు తెలుసు, మీ ప్యాకేజీకి మాత్రం తెలియదు. ఆ వివరాలన్నీ డెబ్ ప్యాకేజీలోనే (డెబియన్, ఉబుంటు లైనక్స్‌లలో సాఫ్ట్‌వేర్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైలు) రాసేస్తే, మీరు వెళ్లలేని ఊళ్లో, నెట్ లేని గదిలో ఒక మాస్టారు ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసుకోగలుగుతారు. ఎర్రర్‌ని బలవంతంగా నోరు మూయించే దారులు ఇందులో చెప్పను.

ఉదాహరణకి "గ్రంథమాల" అనే ఊహా ప్యాకేజీ తీసుకుందాం. పీహెచ్‌పీలో రాసిన పుస్తకాల రిజిస్టర్ అది. సభ్యుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటాయి, ఫొటోలు అప్‌లోడ్ చేస్తారు, రసీదు ప్రింట్ తీస్తారు. కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైప్ చేయండి, ఖాళీలు, అడ్డగీతలు, చుక్కలు ఇక్కడ ఉన్నట్టే ఉంచండి.

కావలసినవి

- నెట్ ఉన్న ఒక డెబియన్ లేదా ఉబుంటు మెషీన్. అవతల ఏ వెర్షన్ ఉందో ఇక్కడా అదే ఉండాలి.
- బిల్డ్-ఎసెన్షియల్, డెవ్‌స్క్రిప్ట్స్, డెబ్‌హెల్పర్, డీపీకేజీ-డెవ్, లింటియన్ ప్యాకేజీలు (డెబ్ కట్టే, తనిఖీ చేసే టూల్స్).
- ఏమీ ఇన్‌స్టాల్ చేయని ఒక వర్చువల్ మెషీన్. దీన్ని మాత్రం మానేయకండి. మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో వేసుకున్న ప్యాకేజీలన్నీ ఉంటాయి కాబట్టి, లోపం అక్కడ ఎప్పటికీ బయటపడదు.
- పెన్‌డ్రైవ్.

1. అవతలి మెషీన్ ఏమిటో ముందు కనుక్కోండి

క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్ అని కొట్టి ఫొటో తీసి పంపమనండి. డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్ కూడా కొట్టించండి. ఫోన్‌లో "లైనక్సే" అంటే సరిపోదు. డెబియన్ 11లో పీహెచ్‌పీ 7.4, డెబియన్ 12లో 8.2, ఉబుంటు 22.04లో 8.1, ఉబుంటు 24.04లో 8.3 వస్తాయి. ఒకదానికి దించిన ప్యాకేజీల మూట ఇంకోదానికి పనికిరాదు. పాత 32-బిట్ డబ్బాలైతే డెబియన్ 12 దగ్గరే ఆగండి. డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్, కెర్నల్ ఇవ్వడం మానేశారు.

2. నిజంగా ఏమేం కావాలో జాబితా తీయండి

సాఫ్ట్‌వేర్ ఫోల్డర్లో కంపోజర్.జేసన్ (పీహెచ్‌పీ లైబ్రరీలు తెచ్చే కంపోజర్ అనే టూల్ ఫైలు) ఉంటే "రిక్వైర్" కింద "ఈఎక్స్‌టీ-" అని మొదలయ్యే పేర్లు చూడండి. కంపోజర్ చెక్-ప్లాట్‌ఫామ్-రెక్స్ అంటే ఏది ఉందో, ఏది లేదో అదే చెబుతుంది. వాటిని డెబియన్ పేర్లలోకి మార్చుకోవాలి. ఎంబీస్ట్రింగ్‌కి పీహెచ్‌పీ-ఎంబీస్ట్రింగ్, డామ్, సింపుల్‌ఎక్స్ఎంఎల్ రెండింటికీ పీహెచ్‌పీ-ఎక్స్ఎంఎల్, పీడీఓ_మైఎస్‌క్యూఎల్‌కి పీహెచ్‌పీ-మైఎస్‌క్యూఎల్. జేసన్ పీహెచ్‌పీ 8.0 నుంచి లోపలే ఉంది, విడిగా అడగక్కర్లేదు.

పీహెచ్‌పీ8.2-ఎంబీస్ట్రింగ్ అని వెర్షన్ అంకెతో పేరు రాయకండి. అంకె లేని పేరు రాస్తే ఏ డెబియన్‌లోనైనా దానికి తగింది వస్తుంది.

ఎర్రర్ చూపించని డిపెండెన్సీలు కూడా కొన్ని ఉంటాయి. సర్వర్‌లో తయారయ్యే రసీదులో తెలుగు, ఒడియా పేర్ల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదని అర్థం. ఫాంట్స్-తెలు, ఫాంట్స్-ఒర్య రెండూ జాబితాలో చేర్చండి. మహారాష్ట్ర అంచున సిరొంచ, దెగ్లూరు వైపు వాడేవాళ్లయితే మరాఠీ కోసం ఫాంట్స్-దేవ కలపండి. పేర్లు అక్షర క్రమంలో సరిగా రావాలంటే పీహెచ్‌పీ-ఇంటిల్ కూడా చాలాసార్లు కావాలి.

హెచ్చరిక: ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టులో "కంపోజర్ ఇన్‌స్టాల్" పెట్టకండి. అది రూట్ (మెషీన్‌లో అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అధికారంతో, నెట్ నుంచి కోడ్ దించుతుంది. నెట్ లేకపోతే ఇన్‌స్టాలేషన్ సగంలో చచ్చిపోతుంది. లైబ్రరీలను మీ దగ్గరే దించి, వెండర్ ఫోల్డర్‌తో సహా ప్యాకేజీలో పెట్టండి. డెబియన్ అధికారిక భాండాగారానికి పంపాలంటే ఇది ఒప్పుకోరు, ప్రతి లైబ్రరీ విడి ప్యాకేజీగా ఉండాలి. మన బడికి, మన సంఘానికి అయితే ఇలా చాలు.

3. కంట్రోల్ ఫైలులో డిపెండెన్సీలు రాయండి

డెబియన్/కంట్రోల్ ఫైలులో (ప్యాకేజీ వివరాలన్నీ ఉండేది) డిపెండెన్సీలకి మూడు వరసలుంటాయి. లేకపోతే సాఫ్ట్‌వేర్ నడవనే నడవదు అన్నవి డిపెండ్స్‌లో రాయండి. చాలామందికి కావాలి గానీ లేకపోయినా నడుస్తుంది అన్నవి రికమెండ్స్‌లో. మిగతావి సజెస్ట్స్‌లో. ఫాంట్లు రికమెండ్స్‌లో పెట్టండి, ప్యాకేజీలు తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ వాటిని మామూలుగానే తెచ్చేస్తుంది. డేటాబేస్ సర్వర్‌దీ అదే చోటు, ఎందుకంటే కొన్ని కాలేజీల్లో డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పులు రెండు.

మొదటిది, డిపెండ్స్‌లో ఉత్త "పీహెచ్‌పీ" అని రాయడం. ఎన్జిన్‌ఎక్స్ నడుస్తున్న మెషీన్‌లో పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని విడి సర్వీసుగా నడిపేది) లేకపోతే అది వెంట అపాచీ అనే ఇంకో వెబ్ సర్వర్‌ని కూడా లాక్కొస్తుంది. రెండూ 80 పోర్టు కోసం కొట్టుకుంటాయి. దాని బదులు లిబ్‌అపాచీ2-మాడ్-పీహెచ్‌పీ | పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అని నిలువు గీతతో రాయండి. రెండింట్లో ఏది ముందే ఉన్నా ఆప్ట్ తృప్తిపడుతుంది. రెండూ లేకపోతే మొదట రాసినదాన్ని తెస్తుంది, కాబట్టి వరస ఆలోచించి రాయండి.

రెండోది ఇంకా మోసకారి. "పీహెచ్‌పీ 8.1 గానీ ఆపైది గానీ కావాలి" అనుకుని (>= 8.1) అని రాస్తారు. డెబియన్‌లో ఈ ప్యాకేజీల వెర్షన్ 2:8.2 అన్నట్టు ముందు 2:తో మొదలవుతుంది. పోల్చేటప్పుడు ముందు ఆ 2నే చూస్తారు. మీరు రాయనప్పుడు అది సున్నా అనుకుంటారు. దాంతో పాత 2:7.4 కూడా మీ షరతు దాటేస్తుంది, ఇన్‌స్టాల్ అవుతుంది, తర్వాత తెల్లటి పేజీ వస్తుంది. పీహెచ్‌పీ-ఎంబీస్ట్రింగ్ (>= 2:8.1) అని రాయండి. అనుమానముంటే ఆప్ట్-క్యాష్ పాలసీ పీహెచ్‌పీ-ఎంబీస్ట్రింగ్ అని కొట్టి అసలు వెర్షన్ ఎలా ఉందో కళ్లతో చూడండి.

పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్ కాబట్టి ఆర్కిటెక్చర్: ఆల్ అని పెట్టండి. రూల్స్-రిక్వైర్స్-రూట్: నో అని కూడా రాయండి, అప్పుడు ప్యాకేజీ కట్టడానికి రూట్ అవసరమే రాదు.

4. ఏ ఫైలు ఎక్కడ, ఎవరి చేతిలో

777 అలవాటు పుట్టేది ఇక్కడే, అందుకని నిదానంగా చదవండి.

కోడ్ అంతా /యూఎస్ఆర్/షేర్/గ్రంథమాలలో ఉండాలి. ఓనర్ రూట్, ఫోల్డర్లు 755, ఫైళ్లు 644. (మూడు అంకెలు వరసగా ఓనర్, గ్రూపు, మిగతావాళ్ల హక్కులు; చదవడం 4, రాయడం 2, నడపడం లేదా ఫోల్డర్లోకి వెళ్లడం 1, వాటి మొత్తమే ఆ అంకె.) వెబ్ సర్వర్ దాన్ని చదువుతుందే గానీ అందులో ఏమీ రాయకూడదు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న సెట్టింగుల ఫైలు /ఈటీసీ/గ్రంథమాలలో. ఓనర్ రూట్, గ్రూపు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (వెబ్ సర్వర్ నడిచే యూజర్, గ్రూపు పేరు), 640. అప్‌లోడ్లు /వార్/లిబ్/గ్రంథమాల కింద; ఓనరూ గ్రూపూ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, 750. వెబ్ సర్వర్ రాయగలిగే చోటు ఈ చివరిది ఒక్కటే.

చాలా సాఫ్ట్‌వేర్లు కోడ్ ఫోల్డర్లోనే "అప్‌లోడ్స్", "క్యాష్" అని పెట్టుకుని అక్కడే రాస్తాయి. కోడ్ మార్చక్కర్లేదు. డెబియన్/గ్రంథమాల.లింక్స్ అనే ఫైలులో ఒక్క వరస చాలు:

వార్/లిబ్/గ్రంథమాల/అప్‌లోడ్స్ యూఎస్ఆర్/షేర్/గ్రంథమాల/అప్‌లోడ్స్

సాఫ్ట్‌వేర్ తన పాత చోటే అనుకుంటుంది, ఫైలు మాత్రం వార్‌లో పడుతుంది. సెట్టింగుల ఫైలుకీ ఇలాగే లింకు పెట్టండి.

ఎక్కడెక్కడ రాస్తుందో తెలియకపోతే పరీక్ష మెషీన్‌లో మాత్రమే మొత్తం ఫోల్డర్‌ని వెబ్ సర్వర్ పేరు మీదకి మార్చండి. టచ్ /టీఎంపీ/గుర్తు అని ఒక ఖాళీ ఫైలు చేయండి. సాఫ్ట్‌వేర్‌లో అన్ని పనులూ ఒకసారి చేయండి: సభ్యుణ్ని చేర్చండి, ఫొటో పెట్టండి, రసీదు తీయండి. తర్వాత ఫైండ్ /యూఎస్ఆర్/షేర్/గ్రంథమాల -న్యూవర్ /టీఎంపీ/గుర్తు అనండి. వచ్చిన జాబితాయే వార్‌లోకి పంపాల్సినవి.

777 ఎందుకు వద్దంటే, అప్పుడు మెషీన్‌లో ఏ యూజరైనా, వెబ్ సర్వర్ కూడా, కోడ్‌నే మార్చేయగలరు. ఫొటో అని చెప్పి ఎవరో ఒక పీహెచ్‌పీ ఫైలు ఎక్కించి బ్రౌజర్లో తెరిస్తే, అది మీ సర్వర్‌లో నడుస్తుంది, సెట్టింగులు సహా అన్నీ తిరగరాస్తుంది. అందుకే అప్‌లోడ్స్ ఫోల్డర్‌కి అపాచీ సెట్టింగుల్లో ఫైల్స్‌మ్యాచ్‌తో పీహెచ్‌పీ ఫైళ్లకి రిక్వైర్ ఆల్ డినైడ్ కూడా రాసి పెట్టండి.

5. ఓనర్‌ని పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టులో మార్చండి

ప్యాకేజీ కట్టేటప్పుడు అన్నీ రూట్ పేరు మీదే ఉంటాయి. ఓనర్ మార్పు ఇన్‌స్టాల్ అయ్యాక, డెబియన్/పోస్ట్‌ఇన్‌స్ట్‌లో "కాన్ఫిగర్" భాగంలో జరగాలి. పైన సెట్ -ఈ ఉండాలి. కింద హ్యాష్ గుర్తుల మధ్య పెద్ద అక్షరాల్లో డెబ్‌హెల్పర్ అన్న వరస ఉండాలి. అది మర్చిపోతే డెబ్‌హెల్పర్ చేర్చాల్సిన పనులు ఏవీ జరగవు, ఎర్రర్ కూడా గట్టిగా రాదు.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్ డెబియన్‌లో అపాచీ రాకముందే ఉంటాడు, అతని పేరుకి ఓనర్ మార్చడం విఫలం కాదు. సొంత యూజర్‌ని సృష్టించుకుంటే మాత్రం యాడ్‌యూజర్ --సిస్టమ్ వాడండి, డిపెండ్స్‌లో యాడ్‌యూజర్ అని చేర్చండి. "ఇన్‌వాలిడ్ యూజర్" ఎర్రర్ వస్తే యూజర్‌ని సృష్టించే వరస ఓనర్ మార్చే వరస కంటే కింద ఉందేమో చూడండి.

ఫోల్డర్ ఒక్కదానికే చోన్ (ఓనర్ మార్చే కమాండ్) చేయండి, -పెద్ద ఆర్ పెట్టి లోపలివన్నీ మార్చకండి. వేల ఫొటోలుంటే ప్రతి అప్‌గ్రేడ్‌కీ చాలాసేపు పడుతుంది. పైగా వెబ్ సర్వర్ రాయగలిగే ఫోల్డర్లో రూట్ గుడ్డిగా ఓనర్లు మార్చడం భద్రతకి చేటు. డీపీకేజీ-స్టాట్‌ఓవర్‌రైడ్ --లిస్ట్ చూసి, అక్కడి అడ్మిన్ తనకి తోచిన పర్మిషన్ ముందే పెట్టుకుని ఉంటే దాన్ని కదపకండి.

పాస్‌వర్డ్ ఫైలు ప్యాకేజీలో పెట్టకండి. ఈటీసీలోకి వెళ్లే ప్రతి ఫైలునీ డెబ్‌హెల్పర్ కాన్ఫ్‌ఫైల్‌గా లెక్కేస్తుంది, అంటే అక్కడి మార్పులను కాపాడాల్సిన సెట్టింగుల ఫైలు అనుకుంటుంది. మీ స్క్రిప్టు దాన్ని మారిస్తే, తర్వాతి వెర్షన్‌లో ఆ ఫైలు మారినప్పుడు "పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా" అని అడుగుతుంది, మాస్టారు టెన్షన్ పడి ఏదో ఒకటి నొక్కేస్తారు. ఫైలు లేకపోతేనే పోస్ట్‌ఇన్‌స్ట్ సృష్టించాలి. ముందు ఇన్‌స్టాల్ -ఎం 640 -ఓ రూట్ -జీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా /డెవ్/నల్ తో ఖాళీ ఫైలు చేసి, ఆ తర్వాత అందులో పాస్‌వర్డ్ రాయాలి. రాసి తర్వాత పర్మిషన్ బిగిస్తే మధ్యలో ఆ క్షణం అందరికీ కనబడుతుంది.

6. కట్టండి, విప్పి చూడండి

డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ -యూఎస్ -యూసీ -బీ

"అన్‌మెట్ బిల్డ్ డిపెండెన్సీస్" వస్తే సుడో ఆప్ట్ బిల్డ్-డెప్ . అనండి, చివర చుక్క మర్చిపోకండి. -డీ పెట్టి ఆ తనిఖీని దాటేయకండి.

పెన్‌డ్రైవ్‌తో ఒక వింత చిక్కు ఉంది, చాలామందికి అంతు చిక్కదు. ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్ యూనిక్స్ పర్మిషన్లు దాచుకోదు. సోర్స్ ఫోల్డర్‌ని దాని మీదుగా కాపీ చేస్తే ప్రతి ఫైలూ నడిపే ఫైలులా మారిపోవచ్చు. అప్పుడు డెబ్‌హెల్పర్ డెబియన్/ఇన్‌స్టాల్, డెబియన్/గ్రంథమాల.లింక్స్ లాంటి ఫైళ్లను చదవకుండా ప్రోగ్రాముల్లా నడపబోయి ఎర్రర్ ఇస్తుంది. డెబియన్ ఫోల్డర్లో ఫైళ్లన్నీ 644కి మార్చి, రూల్స్‌కి మాత్రం 755 ఇవ్వండి. ఇకపై సోర్స్‌ని టార్ చేసి మోయండి. డెబ్ ఫైలుకి ఈ భయం లేదు, పర్మిషన్లు దాని లోపలే భద్రంగా ఉంటాయి.

రూల్స్‌లో మీరే పర్మిషన్లు మారుస్తుంటే అది డీహెచ్_ఫిక్స్‌పర్మ్స్ తర్వాత జరగాలి. పర్మిషన్లను మామూలు స్థితికి తెచ్చే మెట్టు అది, ముందు పెట్టిన 640ని చెరిపేస్తుంది. ఎగ్జిక్యూట్_ఆఫ్టర్_డీహెచ్_ఫిక్స్‌పర్మ్స్ అన్న పేరుతో రాయండి.

కట్టాక డీపీకేజీ -సీ తో ఫైళ్ల జాబితా, డీపీకేజీ -పెద్ద ఐ తో డిపెండెన్సీలు చూడండి. జాబితాలో ఎక్కడా చివరి మూడు అక్షరాల్లో డబ్ల్యూ కనిపించకూడదు. లింకుల వరసలు మాత్రం అన్నీ ఉన్నట్టే చూపిస్తాయి, వాటిని పట్టించుకోకండి. ఆపైన లింటియన్ (ప్యాకేజీలో తప్పులు వెతికే టూల్) నడిపి, "నాన్-స్టాండర్డ్-ఫైల్-పర్మ్" లాంటివి ఏవైనా చెబితే సరిదిద్దండి.

7. ఖాళీ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేయండి, మూట కట్టండి

డీపీకేజీ -ఐ డిపెండెన్సీలు తేదు, లేవని చెప్పి ఆగిపోతుంది. వాడాల్సింది ఇది:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./గ్రంథమాల_1.2-1_ఆల్.డెబ్

ముందున్న చుక్క, ఏటవాలు గీత తప్పనిసరి. "అన్‌శాండ్‌బాక్స్డ్ యాజ్ రూట్" అన్న ఒక నోటీసు వస్తే కంగారు పడకండి. మీ హోమ్ ఫోల్డర్‌ని ఆప్ట్ ప్యాకేజీలు దించడానికి వాడే _ఆప్ట్ యూజర్ చదవలేడని దాని అర్థం, ఇన్‌స్టాల్ అయ్యే ఉంటుంది. ఇప్పటికే డీపీకేజీ -ఐ కొట్టేసి ఇరుక్కుంటే సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్. అది అడిగే ప్రశ్న చదివి వై నొక్కండి, ఎందుకంటే కావలసినవి దొరకకపోతే మీ ప్యాకేజీనే తీసేస్తానంటుంది. మధ్యలో కరెంటు పోతే, తిరిగొచ్చాక ముందు సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ. లాక్ ఫైలు మాత్రం చేత్తో చెరపకండి.

నెట్ లేని చోటికి మూట: కొత్త వర్చువల్ మెషీన్‌లో సుడో ఆప్ట్-గెట్ క్లీన్, తర్వాత సుడో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ --డౌన్‌లోడ్-ఓన్లీ, వెనక మీ డెబ్ ఫైలు పేరు. కావలసినవన్నీ /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో పడతాయి. ల్యాప్‌టాప్‌లో ఈ పని చేస్తే అక్కడ ముందే ఉన్నవి దిగవు, మూట అరకొరగా ఉంటుంది. పీహెచ్‌పీ ప్యాకేజీలకి ఇది మరీ ముఖ్యం. పీహెచ్‌పీ8.2-ఎంబీస్ట్రింగ్‌కి సరిగ్గా అదే వెర్షన్ పీహెచ్‌పీ8.2-కామన్ కావాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే ఒప్పుకోదు. కాబట్టి పీహెచ్‌పీవన్నీ ఒకేసారి దించినవి ఉండాలి.

అవతల మూటని పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా వాడకండి. /మీడియా కింద మౌంట్ అయిన చోటికి _ఆప్ట్ యూజర్ వెళ్లలేడు. /ఎస్ఆర్‌వీ/మూటలోకి కాపీ చేసి, ఫోల్డర్ 755, ఫైళ్లు 644 చేసి, ఆ ఫోల్డర్లోకి వెళ్లి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./*.డెబ్ అనండి. మెషీన్లు ఎక్కువుంటే డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్‌తో ఆ ఫోల్డర్‌నే చిన్న భాండాగారంగా మార్చుకోవచ్చు. అప్పుడు ఆప్ట్ ఏ మెషీన్‌కి ఏవి తక్కువో అవే తీసుకుంటుంది.

8. ఇన్‌స్టాల్ అయ్యాక "పర్మిషన్ డినైడ్" వస్తే

చ్‌మోడ్ జోలికి వెళ్లకముందు /వార్/లాగ్/అపాచీ2/ఎర్రర్.లాగ్ చివరి వరసలు చదవండి. అక్కడ రెండు నంబర్లు గుర్తు పెట్టుకోండి. ఏహెచ్01630 అంటే అపాచీ సెట్టింగుల్లో రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్ లేదని. దానికి ఎన్ని 777లు పెట్టినా మారదు. ఏహెచ్00035 అంటే దారిలో ఏదో ఒక ఫోల్డర్‌కి లోపలికి వెళ్లే అనుమతి లేదని. ఉబుంటు 21.04 నుంచి హోమ్ ఫోల్డర్లు 750తో వస్తున్నాయి, కోడ్‌ని హోమ్‌లో పెట్టినవాళ్లకి ఇదే వస్తుంది.

ఏ ఫోల్డర్ అడ్డమో నేమ్‌ఐ -ఎల్ చెబుతుంది. వెనక ఫైలు పూర్తి దారి ఇస్తే, రూట్ నుంచి ఫైలు దాకా ప్రతి మెట్టునీ ఓనర్, పర్మిషన్లతో వరసగా చూపిస్తుంది. ఎక్స్ లేని మెట్టే దోషి. రాయగలుగుతోందో లేదో ఇలా తేల్చండి:

సుడో -యూ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా టచ్ /వార్/లిబ్/గ్రంథమాల/అప్‌లోడ్స్/పరీక్ష

అది పనిచేసి, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అప్‌లోడ్ అవకపోతే సమస్య పర్మిషన్ కాదు, పీహెచ్‌పీ అప్‌లోడ్ సైజు పరిమితి చూడండి. దొరికిన తప్పుని అక్కడి మెషీన్‌లో చేత్తో సరిచేసి వదిలేయకండి. పోస్ట్‌ఇన్‌స్ట్‌లో సరిచేసి కొత్త వెర్షన్ కట్టండి, లేకపోతే తర్వాతి బడిలో అదే ఫోన్ మళ్లీ వస్తుంది.

9. పంపేముందు మూడు పరీక్షలు

ఒకటి, ఖాళీ మెషీన్‌లో నెట్ తీసేసి, మూటతోనే ఇన్‌స్టాల్ చేయడం. రెండు, పాత వెర్షన్ వేసి, ఒక ఒడియా పేరుతో, ఒక తెలుగు పేరుతో సభ్యుల్ని చేర్చి, ఫొటోలు పెట్టి, ఆ పైన కొత్త వెర్షన్ వేయడం. పేర్లు, ఫొటోలు, పాస్‌వర్డ్ ఫైలు మూడూ అలాగే ఉండాలి. మూడు, సుడో ఆప్ట్ పర్జ్ గ్రంథమాల అని పూర్తిగా తీసేసి మళ్లీ వేయడం. పర్జ్‌లో ఎర్రర్ వస్తే పోస్ట్‌ఆర్ఎం స్క్రిప్టు (ప్యాకేజీ తీసేశాక నడిచేది) ఇప్పటికే పోయిన ఏదో ప్యాకేజీ మీద ఆధారపడుతోందని అర్థం. ఆ సమయానికి డిపెండ్స్‌లోవి ఉండకపోవచ్చు, కాబట్టి అక్కడ మామూలు ఆర్ఎం లాంటి మూల కమాండ్లే వాడండి.

డెబ్ ఫైలుతోపాటు పెన్‌డ్రైవ్‌లో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టండి: మూట ఏ డెబియన్‌కి, ఏ తేదీన దించారు, ఏ కమాండ్ కొట్టాలి. భద్రతా అప్‌డేట్లు వస్తుంటాయి కాబట్టి తేదీ పాతబడితే మూట మళ్లీ దించి పంపండి.